జరీనా ఉలి

భారత్, పాకిస్తాన్‌ల మధ్య సరిహద్దును పెన్సిలుతో గీసినవాళ్లున్నారు, కుంచెతో గీసినవాళ్లున్నారు. అచ్చు బొమ్మల కళాకారిణి జరీనా అసలు గీయలేదు. ఒక చెక్క పలక ముందు పెట్టుకుని, సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న నేలనంతా ఉలితో తవ్వి పారేశారు. తవ్వగా మిగిలిన సన్నటి గట్టుకు సిరా పట్టించి కాగితం మీద అచ్చు తీశారు. 2001లో చేసిన ఆ ఉడ్‌కట్ పేరు ‘డివైడింగ్ లైన్’. దూరం నుంచి చూస్తే కాగితం మీద వంకరలు తిరుగుతూ పోయే నల్లటి గీత ఒక్కటే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ గీతకు రెండు పక్కలా చిన్న చిన్న నల్లటి గీకుళ్లు, చుక్కలు, తెగిన పేడుల జాడలు బయటపడతాయి. ఉలి నడిచినచోట పూర్తిగా లేచిపోని చెక్క అది. ఇంకాస్త లోతుగా తవ్వి శుభ్రం చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. ఉలి తిరిగిన నేల మనకు కనపడాలనే అలా వదిలేశారు.

కలంతో గీత గీయడానికి అర నిమిషం పట్టదు. ఉడ్‌కట్‌లో అదే గీత నిలబడాలంటే చుట్టూ ఉన్న చెక్కంతా పోవాలి. గీత ఎంత సన్నదైతే పని అంత పెరుగుతుంది. ఉలి ఒక్కసారి జారిందా, అన్నాళ్ల శ్రమా గంగపాలే. తెగిన చోట చెక్కముక్క పొదిగి అతికే ఉపాయం లేకపోలేదు గానీ, చూసే కన్నున్నవాడికి ఆ అతుకు అచ్చులో దొరికిపోతుంది.

జరీనా గురించి ఈ పదిహేనేళ్లలో చాలానే రాశారు. చాలా వ్యాసాల్లో విభజన ఉంటుంది, వలస ఉంటుంది, ఉర్దూ కవిత్వం ఉంటుంది, పోగొట్టుకున్న ఇల్లు ఉంటుంది. అన్నీ నిజమే, కాదనను. కానీ చదివి పక్కన పెట్టేసరికి మనకు గుర్తుండేది కాందిశీకుల కవయిత్రి ఒకావిడ. ఆవిడ చేతిలో ఉలి ఏమైపోయిందో తెలియదు. ఆ దుఃఖం మనదాకా వచ్చింది చెక్క మీదుగా, కాగితం మీదుగా. ఆ పనితనం లేకపోతే అది ఆమె ఒక్కరి దుఃఖంగానే మిగిలి ఉండేది. నా తగువంతా ఇక్కడే.

జీవితకథను త్వరగా చెప్పేస్తాను. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి షేక్ అబ్దుర్ రషీద్ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించేవారు. యూనివర్సిటీ వాళ్లిచ్చిన ఇంట్లో పెరిగారు. ఆ ఇంటి నేలపటమే దశాబ్దాల తర్వాత ఆమె పలకల మీదికి పదే పదే వచ్చింది. దేశం రెండు ముక్కలైనప్పుడు ఆమెకు పదేళ్లు. 1958లో గణితంలో డిగ్రీ, అదే ఏడాది దౌత్యాధికారి సాద్ హష్మీతో పెళ్లి. తల్లిదండ్రులు ఆ తర్వాత కరాచీకి తరలిపోయారు. భర్త ఉద్యోగం వెంట బ్యాంకాక్ వెళ్లినప్పుడు మొదటిసారి చెక్క అచ్చు చేతికి తగిలింది. ఆర్ట్ కాలేజీ మెట్లెక్కిన మనిషి కాదు. లెక్కలు చదువుకుని, భవన నిర్మాణం మీద మోజు పెంచుకుని, ఊరు తర్వాత ఊరు తిరుగుతూ ఎక్కడ దొరికిన విద్యను అక్కడ పట్టుకున్నారు. ఢిల్లీలో ఉండగా గ్లైడర్ నడపడం కూడా నేర్చుకున్నారు. ఇళ్లను, ఊళ్లను, దేశాలను ఆమె ఎప్పుడూ ఆకాశంలోంచి చూసినట్టే ఎందుకు చెక్కారో అడిగేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

బ్యాంకాక్ తర్వాత పారిస్, ఢిల్లీ, బాన్, టోక్యో. 1970ల మధ్యలో న్యూయార్క్ చేరారు. 1977లో భర్త చనిపోయారు. పరాయి దేశంలో ఒంటరి ఆడమనిషి, చేతిలో ఉన్నది అచ్చుల విద్య. అక్కడే ఉండిపోయారు. బొమ్మల మీద ఇంటిపేరు లేకుండా ఉత్త ‘జరీనా’ అనే సంతకం చేసేవారు.

ఇక పనిలోకి వద్దాం.

ఉడ్‌కట్‌కు చెట్టును నిలువునా కోసిన పలక కావాలి. మొద్దును అడ్డంగా కోసి, గట్టి కొస మీద సన్నటి పనిముట్లతో చేసేది వేరే శాఖ. దాన్ని ఉడ్ ఎన్‌గ్రేవింగ్ అంటారు. బెంగాల్‌లో హరేన్ దాస్ రెండింట్లోనూ ఆరితేరినవారు. పడవలు, గుడిసెలు, వానలో పొలాలు, ఆకు ఆకునా వెలుగు. ఆయన బొమ్మల్ని భూతద్దం పెట్టి చూసినా చెయ్యి తడబడిన చోటు దొరకదు. చిత్తప్రసాద్ దారి వేరు. ఆయన లినోకట్‌లో (చెక్కకు బదులు లినోలియం) ఉలి కోపంగా నడుస్తుంది, కరువు మనుషుల పక్కటెముకల్ని లెక్కపెట్టిస్తుంది. నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర సందర్భంగా చేసిన గాంధీ లినోకట్ సరేసరి. తెల్లటి నాలుగు గీతల్లో కర్ర పట్టుకుని నడిచే ఆ మనిషిని చూడని భారతీయుడుండడు, అది లినోకట్ అని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఈ విద్య చరిత్ర అడిగితే చైనా దాకా వెళ్లాలి. తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో పాతది 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం. చెక్క మీద తిరగేసి చెక్కి తీసిన అచ్చే అది. ఆ వెయ్యేళ్ల కథ ఇక్కడ వద్దు.

నిలువు పలకలో నార ఒక దిక్కుకు ఉంటుంది. నార వెంట నడిపితే ఉలి తనంతట తానే ముందుకు లాక్కుపోతుంది, ఆగమన్నచోట ఆగదు. నారకు అడ్డంగా నడిపితే పేడు లేస్తుంది. అందుకే మంచి పనివాడు ముందు పలకను వేలితో తడిమి చూస్తాడు, తర్వాతే గీత ఎటు పోవాలో నిర్ణయిస్తాడు. గీతకు ఇరుపక్కలా కత్తిని నిటారుగా దించకూడదు. ఏటవాలుగా, బయటికి వాలుతున్నట్టు కోయాలి. పొలం గట్టు పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉన్నట్టు గీత కూడా వెడల్పాటి పునాది మీద నిలబడాలి. అలా లేకపోతే పది అచ్చులు తీసేసరికి ఒత్తిడికి విరిగి కూర్చుంటుంది. పైగా చెక్కేదంతా కుడిఎడమలు తారుమారుగా చెక్కాలి. పటం చెక్కుతున్నామనుకోండి, కరాచీ కుడి పక్కకు, కలకత్తా ఎడమ పక్కకు వస్తాయి. తెలిసిన దేశాన్ని తిరగేసి చెక్కుతున్నప్పుడు కంటి మాట వింటే చెయ్యి తప్పు చేస్తుంది.

అచ్చు తీయడం మరో విద్య. పాశ్చాత్యులు నూనె సిరాను రోలర్‌తో పూసి ప్రెస్సులో నొక్కుతారు. జపాన్‌వాళ్లు నీటి రంగును బియ్యపు గంజితో కలిపి బ్రష్షుతో పలకకు పట్టిస్తారు, పైన తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బారెన్‌తో వీపు మీద రుద్దుతారు. ప్రెస్సు లేదు, మోటారు లేదు, భుజబలమే. ఒక్కో రంగుకు ఒక్కో పలక. కాగితం వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా పలక మూలలో కెంటో అనే చిన్న గంటు పెడతారు. ఆ గంటే లేకపోతే జపాన్ రంగుల అచ్చులే లేవు.

1974లో జపాన్ ఫౌండేషన్ ఫెలోషిప్ మీద జరీనా టోక్యోలో తోషి యోషిదా స్టూడియోలో చేరారు. ఆ ఇల్లు ఉడ్‌కట్‌కు దేవాలయంలాంటిది అనడానికి నేను వెనకాడను. తోషి తండ్రి హిరోషి యోషిదా చేసిన పనులు వింటే నమ్మబుద్ధి కాదు. 1926లో తెరచాప పడవల బొమ్మ ఒకటి చేశాడు. పలకలు అవే, పడవలు అవే, రంగులు మాత్రం మార్చి తెల్లవారుజాము, మధ్యాహ్నం, సాయంత్రం, మంచు, రాత్రి అంటూ విడివిడి బొమ్మలు తీశాడు. నీళ్ల మీద వెలుగు మారుతుంటుంది, చెక్క మాత్రం మారదు. ఒక్క బొమ్మకు తొంభైకి పైగా అచ్చులు వేసిన సందర్భం కూడా ఉందంటారు. 1930ల మొదట్లో మన దేశమొచ్చి తాజ్‌మహల్‌ను కూడా చెక్కుకుని వెళ్లాడు. అలాంటి ఇంట్లో పని నేర్చుకున్న మనిషి మేఘాలూ కెరటాలూ రంగురంగులుగా చేస్తుందనుకుంటాం. జరీనా రంగులన్నీ అక్కడే వదిలేసి నలుపు ఒక్కటి పట్టుకుని వచ్చేశారు. ఎంత నేర్చుకుంటే అంత తగ్గించే ధైర్యం కొద్దిమందికే ఉంటుంది.

పారిస్ సంగతి ఎత్తకపోతే తెలుగువాడిగా నాకు ముద్ద దిగదు. 1960ల మధ్యలో జరీనా అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపే ఆతెలియే 17లో పనిచేశారు. అదే వర్క్‌షాపులో హేటర్‌కు కుడిభుజంగా ఉన్నది మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ శిష్యుడు, తర్వాత లండన్, పారిస్. రంగుకో పలక అన్న నియమాన్ని తోసిరాజని, ఒకే లోహపు ఫలకం మీద అన్ని రంగులూ ఒకేసారి పట్టించే విస్కాసిటీ పద్ధతికి ప్రాణం పోసినవారిలో ఆయన ముఖ్యుడు. సిరాలో నూనె పాలు ఎక్కువ తక్కువలు చేసి, మెత్తటి రోలర్ ఒకటి, గట్టి రోలర్ ఒకటి వాడితే, ఫలకం మీద లోతు ఎంతో దాన్నిబట్టి రంగు తన చోటు తాను వెతుక్కుంటుంది. ఒక రంగు ఇంకో రంగును తోసేస్తుందే గానీ కలవదు. 1970ల్లో ఆయనా న్యూయార్క్ చేరి విశ్వవిద్యాలయంలో అచ్చు విద్య నేర్పారు. 2018లో అక్కడే కన్నుమూశారు. పద్మశ్రీ వచ్చిన మనిషి, ప్రపంచంలో ప్రింట్‌మేకర్లు ఎక్కడున్నా పేరు తెలిసిన మనిషి. మన జిల్లాల్లో ఆయన పేరు చెబితే ఏ పార్టీ అని అడుగుతారు. ఒకే గదిలో ఒకాయన ఒక్క ఫలకంలోకి అన్ని రంగులూ ఎక్కించే పనిలో ఉంటే, ఆ గదిలోంచే వచ్చిన ఇంకొకావిడ ఒక్కో రంగునూ దింపేసుకుంటూ వెళ్లారు. ఇద్దరూ గొప్పవాళ్లే. నన్ను ఎంచుకోమంటే మాత్రం నేను చెక్క పక్షం. రాగిరేకునూ యాసిడ్‌నూ ప్రేమించే స్నేహితులు ఈ మాటకు నన్ను క్షమించరు, ఫరవాలేదు.

జరీనా ఢిల్లీలో 1960ల చివర చేసిన అచ్చుల్లో ఉలి పని కూడా దాదాపు లేదు. పారేసిన చెక్కముక్కలు ఏరుకొచ్చి, పక్కపక్కన పేర్చి, సిరా రాసి నొక్కారు. అంతే. చెట్టు ఎన్నేళ్లు పెరిగిందో ఆ గీతలూ, కణుపు చుట్టూ తిరిగే సుడులూ, ఎండకు విచ్చిన పగుళ్లూ కాగితం మీద అచ్చుపడ్డాయి. ముక్కకూ ముక్కకూ మధ్య సందు తెల్లటి గీతగా నిలిచింది. చూడ్డానికి ఎవరైనా చేయగలరనిపిస్తుంది. చేసి చూడండి. ముక్కలన్నీ ఒకే మందంలో లేకపోతే పొట్టిది అచ్చుపడదు, ఎత్తుది కాగితాన్ని చించుతుంది. నారలు ఏ ముక్కలో ఎటు పోవాలో తెలియకపోతే బొమ్మ వంటచెరకు మోపులా ఉంటుంది. చెక్కడానికి ముందు చెక్కను చూడటం ఆమె అక్కడ నేర్చుకున్నారని నా నమ్మకం.

న్యూయార్క్‌లో తొలి ఏళ్లు కష్టంగానే గడిచాయి. అమెరికాలో స్త్రీవాద కళాకారిణుల మధ్య తిరిగారు, ‘హెరెసీస్’ పత్రిక 1979లో మూడో ప్రపంచ స్త్రీల మీద తెచ్చిన సంచికకు పనిచేశారు. 1980లో ఏఐఆర్ గ్యాలరీలో అనా మెండియెటా, కజుకో మియామోతోలతో కలిసి ఒక ప్రదర్శన ఏర్పాటు చేశారు. తెల్లజాతి స్త్రీల ఉద్యమంలో మిగతా స్త్రీలకు చోటెక్కడ అని నిలదీసిన ప్రదర్శన అది. ఆ రోజుల్లోనే సిరా కూడా లేకుండా సూదితో కాగితాన్ని పొడిచి బొమ్మలు చేశారు, తర్వాత కాగితపు గుజ్జును అచ్చులో పోసి శిల్పాలు చేశారు. వాటికీ అభిమానులున్నారు. నేను చెక్క దగ్గరికే తిరిగొస్తాను, ఆమె కూడా తిరిగొచ్చారు గనక.

1999. ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’. ముప్ఫై ఆరు ఉడ్‌కట్‌ల సంపుటి. మొదట పుట్టింది బొమ్మలు కాదు, మాటల జాబితా. ఇల్లు, గుమ్మం, తలుపు, వాకిలి, గోడ, నేల, ఆకాశం, దారి, సరిహద్దు, భాష. ఇలా ఉర్దూలో రాసుకున్న మాటల్ని పాకిస్తాన్‌లో ఒక లేఖకుడికి పంపి నస్తాలీఖ్ దస్తూరీలో అందంగా రాయించుకున్నారు. ఆ లిపిని హైదరాబాద్ పాతబస్తీ దుకాణాల బోర్డుల మీద చూసే అదృష్టం మనకుంది. కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతూ ఒక అక్షరం ఇంకో అక్షరం మీద వాలుతుంటుంది. అక్షరాలను లెటర్‌ప్రెస్‌లో వేశారు, బొమ్మలు కొయ్యపలకల నుంచి వచ్చాయి. ప్రతి కాగితం మీదా ఒక చతురస్రంలో పట్టేంత బొమ్మ, దాని కింద ఒక మాట. బొమ్మల్లో ఎక్కువగా ఉన్నవి అడ్డగీతలు, నిలువుగీతలు, ఏటవాలు గీతలు, నల్లటి చదరాలు. అలీగఢ్ ఇంటి నేలపటంతో మొదలవుతుంది. గణితం చదివిన చెయ్యి అని చెప్పకనే తెలుస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి నలుపును చూడాలి. చెక్క మీద పెద్ద నల్లటి మైదానాన్ని మచ్చ లేకుండా అచ్చు వేయడం ఈ విద్యలో గడ్డు పరీక్షల్లో ఒకటి. సిరా తక్కువైతే తెల్లతెల్లగా ఉప్పు చల్లినట్టు పొక్కులు పడతాయి, ఎక్కువైతే నలుపు మధ్య వదిలిన సన్నటి తెల్లగీతలోకి కారి దాన్ని మింగేస్తుంది. రోలర్ మీద సిరా చేసే చప్పుడు విని మోతాదు చెప్పగలిగే ముద్రకులుంటారు. జరీనా కోజో అనే జపాను కాగితం వాడారు. పలచగా ఉన్నా నార పొడుగు, ఒత్తిడికి చిరగదు, సిరాను లోపలికి లాక్కుంటుంది. ఆ పలచటి కాగితాన్ని మళ్లీ దళసరి కాగితం మీద అతికించాలి. జిగురు ఒకచోట ఎక్కువైతే ముడత, తక్కువైతే గాలిబుడగ. ముప్ఫై ఆరు బొమ్మలు, ఇరవై అయిదు ప్రతులు. తొమ్మిది వందల కాగితాలు, చెడిపోయినవి లెక్కేయకుండానే. అందులో ప్రతి ఒక్కదాని మీదా నలుపు ఒకే నలుపుగా ఉండాలి. ఈ మాట ఎవరూ రాయరు!

రెండేళ్ల తర్వాత ‘డివైడింగ్ లైన్’, అదే ఏడాది ఆరు పటాల ‘అట్లాస్ ఆఫ్ మై వరల్డ్’. 2003లో తొమ్మిది నగరాల సంపుటి చేశారు. గ్రోజ్నీ, సరాయెవో, స్రెబ్రెనిత్సా, బేరూత్, జెనీన్, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్, న్యూయార్క్. యుద్ధాలూ దాడులూ మారణకాండలూ చెరిపేసిన ఊళ్లు. వీధుల పటాలను చెక్క మీద కోశారు. న్యూయార్క్ కాగితం దగ్గరికొస్తే వీధులు లేవు, నది లేదు. నల్లటి మైదానంలో నిలువుగా రెండే రెండు తెల్లగీతలు. ఆ రెండు గీతలూ అక్కడ లేని చెక్క. రెండు చోట్ల ఉలి దింపి చెక్క తీసేశారు, ఆ ఖాళీకి సిరా అంటలేదు, కాగితం తెల్లగా మిగిలింది. కూలిపోయిన రెండు టవర్లను చూపడానికి ఇంతకన్నా తగిన పని ఏ మాధ్యమంలోనైనా చేయొచ్చేమో, నాకు మాత్రం తట్టదు. ఆయిల్ పెయింటింగ్‌లో తెల్లగీత అంటే పైన పూసిన తెల్లరంగు. చెక్కలో తెల్లగీత అంటే ఒకప్పుడు అక్కడ ఉండి ఇప్పుడు లేనిది. కాందిశీకుల కవయిత్రి అని ఊరికే అనేవాళ్లను ఈ ఒక్క కాగితం ముందు కూర్చోబెట్టాలి.

2004లో ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’. అక్క రాణీ పాకిస్తాన్ నుంచి చెల్లెలికి ఉత్తరాలు రాసి పోస్టు చేయకుండా దాచుకుంది. అమ్మా నాన్నా పోవడం, ఇల్లు అమ్మడం, మనసులో మాటలు. చాలా ఏళ్లకు అవి జరీనా చేతికొచ్చాయి. ఆ చేతిరాతను లోహపు అచ్చుగా చేయించి ముద్రించి, దాని మీద చెక్కతో ఇంటి నేలపటాలూ, ఊరి పటాలూ అచ్చువేశారు. ఎనిమిది కాగితాలు. అక్షరాల మీద గోడలు లేచాయి. ఉర్దూ వచ్చినవాళ్లు కూడా కొన్ని మాటల్ని పూర్తిగా చదవలేరు. సొంత అక్క ఉత్తరాన్ని ఊరందరికీ చూపాలి, చదవనివ్వకూడదు. ఆ మర్యాదను పాటించింది చెక్క పలకే.

ఇప్పుడు నా కడుపుమంట.

మన నగరాల్లో గ్యాలరీలు పెరిగాయి, సంతోషం. కొత్త ఫ్లాట్లలో ఖాళీ గోడలు పెరిగాయి, ఇంకా సంతోషం. ఆ గోడలకు అమ్ముతున్నదేమిటంటే ‘లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్’. సంగతేమిటని అడిగితే పెద్ద ఇంక్‌జెట్ ప్రింటరులోంచి వచ్చిన కాగితం. దానికి జిక్లే అని ఫ్రెంచి పేరు పెట్టి, కింద పెన్సిలుతో నంబరు వేసి, చిత్రకారుడి చేత సంతకం పెట్టించి వేలకు వేలు గుంజుతున్నారు. ఫొటో తీసి మీట నొక్కినదానికి ఎడిషన్ ఏమిటి? 7/25 అని రాస్తే అర్థం, పలక మీంచి ఇరవై అయిదు ప్రతులే తీశారు, ఇది ఏడోది అని. పనివాడి దగ్గర ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు కొన్ని అదనం. ఆ తర్వాత పలకకు అడ్డంగా గాటు పెట్టి రద్దు చేసేస్తారు, లేదా భద్రపరుస్తారు. చెక్క అరుగుతుంది, గీత మొద్దుబారుతుంది, చెయ్యి అలిసిపోతుంది. ఆ నంబరుకు ఒక శరీరం ఉంది. ఇంక్‌జెట్‌కు ఏముంది? ఫైలు ఈ రాత్రికి ఇంకో వంద తీసిపెడుతుంది, అడిగే నాథుడు లేడు.

దీని ఫలితం మామూలుగా లేదు. నిజంగా చెక్క మీద కూర్చుని వెన్ను విరుచుకునే కుర్రవాడు ప్రతి ఒక్కటీ చేత్తో తీసిన అచ్చును తీసుకొస్తే, ‘ప్రింటే కదా, జిరాక్సే కదా’ అని బేరమాడతారు. నకలు దిగినచోట అసలుకు బతుకుండదని కృష్ణా జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పెడనలో టేకుచెక్క అచ్చులు కోసే చేతులున్నాయి, రంగుకో అచ్చు చొప్పున కోస్తాయి. ఆ అచ్చుల మీంచి కరక్కాయ నీళ్లలో నానిన బట్ట మీద అద్దకం పడాలి. బజారులో చూడండి, స్క్రీన్ మీద గంటకు ఇన్ని మీటర్లని లాగేసిన చీరకు కలంకారీ అని పేరు, నాలుగో వంతు ధర. కొనేవాడికి తేడా తెలియదు, అమ్మేవాడు చెప్పడు. అచ్చు కోసేవాడి కొడుకు ఇంకో పని చూసుకుంటాడు. గ్యాలరీలో జరుగుతున్నదీ అక్షరాలా ఇదే, ఏసీ ఒక్కటే తేడా.

ఇంకో రకం నకిలీ ఉంది. ‘మినిమల్’ అని పేరు పెట్టుకుని నాలుగు నల్లగీతలు కంప్యూటర్‌లో లాగి, కింద ఉర్దూ మాటో తెలుగు మాటో వేసి ఇంటి జ్ఞాపకం అంటున్నారు. గీతలు తక్కువ ఉండటమే జరీనా గొప్పతనమని వీళ్లకెవరో చెప్పి ఉంటారు. ఆమె గీత తక్కువ కావడం వెనక ఎంత చెక్క పోయిందో చూడరు. మౌస్‌తో లాగిన గీతకు రెండు అంచులూ చచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చెక్క గీత అంచులో నార కదలిక ఉంటుంది, కత్తి ఊపిరి తీసుకున్న చోటు ఉంటుంది.

జరీనాకు కూడా గుర్తింపు తొందరగా రాలేదు. అచ్చు బొమ్మలంటే పెయింటింగ్‌కు చిన్న చెల్లెలు అన్న చిన్నచూపు ఆమెనూ వదల్లేదు. 2011లో వెనిస్ బినాలేలో భారతదేశం తొలిసారి తన పెవిలియన్ పెట్టినప్పుడు, రంజిత్ హోస్కోటే ఎంపిక చేసినవారిలో ఆమె ఒకరు. అప్పటికి డెబ్బై దాటాయి. 2012లో లాస్ ఏంజెలెస్ హామర్ మ్యూజియంలో ‘పేపర్ లైక్ స్కిన్’ పేరుతో జీవితకాలపు పనిని చూపారు, అది మరుసటి ఏడు న్యూయార్క్ గుగెన్‌హైమ్‌కూ, షికాగోకూ వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో లండన్‌లో కన్నుమూశారు. అలీగఢ్ అమ్మాయి, అమెరికా కళాకారిణి, పోయింది ఇంగ్లండులో.

మన ఆర్ట్ కాలేజీల్లో గ్రాఫిక్స్ విభాగాలున్నాయి. ప్రెస్సులు తుప్పు పట్టకుండా చూడండి, ఏడాదికొకసారైనా జనాన్ని లోపలికి పిలిచి పలక మీంచి కాగితం లేపి చూపండి. ఆ కాగితం లేచే క్షణం చూసినవాడు మళ్లీ జిరాక్స్ అనే మాట అనడు. కృష్ణారెడ్డిదీ జరీనాదీ ఒక్కొక్క సంపుటి తెచ్చి హైదరాబాద్‌లో పక్కపక్కన పెట్టే పూచీ ఎవరైనా తీసుకోకూడదా?

కొనేవాళ్లకు నాలుగు మాటలు. కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. గట్టిగా నొక్కిన అచ్చయితే గీతల చోట కాగితం దిగి ఉంటుంది, వెనక తిప్పితే వేలికి తెలుస్తుంది. భూతద్దం పెట్టండి. ఇంక్‌జెట్ అయితే రంగురంగుల తుంపరలు కనిపిస్తాయి. నూనె సిరాతో తీసిన చెక్క అచ్చయితే నలుపు నలుపుగానే ఉండి, ఒత్తిడికి సిరా పక్కకు జరిగి గీత అంచున కాస్త చిక్కగా పేరుకుంటుంది. పలక ఏ చెక్కది, అచ్చు ఎవరు తీశారు, మొత్తం ఎన్ని తీశారు, ఆ పలక ఇప్పుడెక్కడుంది అని అడగండి. అమ్మే మనిషి నీళ్లు నమిలితే, బొమ్మ బాగుందనిపిస్తే కొనుక్కోండి, తప్పులేదు. పోస్టరు ధర ఇచ్చి కొనుక్కోండి.